తాళం వెనక నిలబడ్డ గొంతు

'లిటిల్ హ్యాండ్స్' మొదలైన కొన్ని క్షణాలకే అర్థమైపోతుంది, ఇక్కడ ఎవరికీ తొందర లేదని. గిటార్ తన దారిన తాను నడుస్తుంటుంది. డ్రమ్ము దెబ్బ పడాల్సిన చోటికి వెంట్రుకవాసి ఆలస్యంగా వచ్చి పడుతుంది. గొంతు దానికింకా వెనక. లోకమంతటా పిల్లలు చిట్టి చేతులతో చప్పట్లు కొడుతున్నారని ఆ గొంతు పాడుతోంది. వింటుంటే చప్పట్లు ఎప్పుడో మోగిపోయాయనీ, పాట వాటిని వెతుక్కుంటూ వెనకాల వస్తోందనీ అనిపిస్తుంది. పాట తాళం కంటే ముందో తర్వాతో ఎత్తుకోవడాన్ని అతీతమనీ అనాగతమనీ మన శాస్త్రం పేర్లు పెట్టి చెప్పింది. ఈ పాట కట్టి పాడిన అలెగ్జాండర్ 'స్కిప్' స్పెన్స్‌కు ఆ శాస్త్రంతో పరిచయం లేదు. అయినా తాళానికి ఎంత దూరంలో నిలబడితే మాట బరువెక్కుతుందో అతనికి బాగా తెలుసు.

ఈ పాట 1969లో వచ్చిన 'ఓర్' అనే ఆల్బమ్‌కు తలుపు తీస్తుంది. ఆ ఆల్బమ్ గురించి రాసినవాళ్లలో చాలామంది దాన్ని మతి చెదిరిన మనిషి డైరీలాగా చదివారు. నేనలా వినలేను. ఎన్నిసార్లు విన్నా నాకందులో దొరికేది ఒక డ్రమ్మర్ సాధించిన రచన. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో తెలిసినవాడు కట్టిన పాటలవి.

అసలు అతను డ్రమ్మరే కాడు. 1946లో కెనడాలోని విండ్సర్‌లో పుట్టి, కుటుంబంతో కాలిఫోర్నియాలోని శాన్ హోసేకు చేరిన గిటార్ కుర్రాడు. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందాన్ని కూడగడుతున్న మార్టీ బాలిన్ అతన్ని చూసి, ముఖం చూస్తే డ్రమ్మర్‌లా ఉన్నాడని డ్రమ్స్ ముందు కూర్చోబెట్టాడు. 1966 నాటి వాళ్ల మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ అతనివే. ఆ బృందం వదిలాక కూడా అతను రాసిన 'మై బెస్ట్ ఫ్రెండ్' వాళ్ల రెండో ఆల్బమ్‌లో చేరింది. చేతికి అలవాటు లేని వాద్యాన్ని నేర్చుకుంటూ వాయించిన ఆ రోజులే అతని చెవిని మార్చేశాయని నా నమ్మకం. గిటార్ పట్టుకున్నవాడు తన స్వరాలను వింటాడు. డ్రమ్స్ వెనక కూర్చున్నవాడు అందరినీ వినాలి.

తర్వాత మోబీ గ్రేప్. అయిదుగురు సభ్యులు, అయిదుగురూ రాస్తారు, అయిదుగురూ పాడతారు. 1967 జూన్‌లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌లో స్పెన్స్ రాసిన 'ఒమాహా' ఉంది. రెండు నిమిషాల పైచిలుకు పాట. మొదట్లో గిటార్ మోత సుడి తిరుగుతూ ఒక స్పీకర్ నుంచి ఇంకో స్పీకర్‌కు దూకుతుంది. ఆ సుడిలోంచి అన్ని గొంతులూ ఒక్కసారిగా బయటికి దూసుకొస్తాయి. ఆ ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో సైకెడెలిక్ అంటే ఇరవై నిమిషాల సాగదీత అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మత్తెక్కించడానికి సాగదీయనక్కర్లేదని ఈ పాట నిరూపించింది.

ఆ ఆల్బమ్‌ను ముంచింది ప్రచారార్భాటమే. కొలంబియా కంపెనీ ఒకే రోజు అయిదు సింగిల్స్ విడుదల చేసింది. పదమూడు పాటల్లో పది ఒక్కసారే రేడియో స్టేషన్ల మీద పడితే ఎవరు ఏది వేస్తారు? చార్టుల్లోకి ఎక్కింది 'ఒమాహా' ఒక్కటే, అదీ 88వ స్థానం దాకా. ఆవలాన్ బాల్‌రూమ్‌లో విడుదల వేడుక జరిగిన రాత్రే సభ్యుల్లో ముగ్గురు అరెస్టయ్యారు. బృందం పేరు ఎవరిదన్న విషయంలో మేనేజర్‌తో మొదలైన తగాదా దశాబ్దాల పాటు కోర్టుల్లో నలిగింది. అమెరికా రాక్ చరిత్రలో ఇంత చేవ ఉండి ఇంత త్వరగా చెదిరిన బృందాలు అరుదు.

1968లో రెండో ఆల్బమ్ 'వావ్' కోసం న్యూయార్క్ వెళ్లారు. అందులో స్పెన్స్ రాసిన ఒక పాతకాలపు ఫాక్స్‌ట్రాట్ పాటను 78 వేగంతో తిప్పాలి. అంటే వినేవాడు లేచి వెళ్లి గ్రామఫోన్ వేగం మార్చి రావాలి. కొందరికి అది కొంటె పని. నాకు మాత్రం శ్రోత కూడా లేచి వచ్చి లయలో పాలుపంచుకోవాలని ఆశపడిన మనిషి అందులో కనబడతాడు. ఆ న్యూయార్క్ రోజుల్లోనే ఎల్ఎస్‌డీ, దాని వెనకాలే భ్రాంతి అతన్ని కమ్మేశాయి. హోటల్లో మంటలార్పేందుకు పెట్టిన గొడ్డలి పట్టుకుని తోటి సభ్యుల గది తలుపు మీద పడ్డాడు. జైలు, ఆ తర్వాత బెల్‌వ్యూ ఆసుపత్రి. అక్కడ ఆరు నెలలు. స్కిజోఫ్రీనియా అని నిర్ధారించారు. అప్పటికతనికి ఇరవై రెండేళ్లు.

ఆసుపత్రి నుంచి బయటికొచ్చి, కంపెనీ ఇచ్చిన కాస్త డబ్బుతో మోటార్‌సైకిల్ కొనుక్కుని, నాష్‌విల్ వెళ్లాడు. పైజమా మీదే ఆ దూరమంతా నడుపుకుంటూ పోయాడనే కథ నోటి నుంచి నోటికి చాలా దూరం తిరిగింది. ఆ కథ నాకక్కర్లేదు. నాకు కావలసింది ఆ ప్రయాణం చివర తెరుచుకున్న గది. 1968 డిసెంబరు, కొలంబియా వాళ్ల నాష్‌విల్ స్టూడియో, మూడు ట్రాకుల టేప్ యంత్రం. మోబీ గ్రేప్ నిర్మాత డేవిడ్ రూబిన్సన్ ఇంజనీర్ మైక్ ఫిగ్లియోకు చెప్పింది ఒక్కటే: టేప్ ఆపకు. గిటార్, బేస్, డ్రమ్స్, గొంతు, అన్నీ స్పెన్సే. పది రోజుల లోపే పని ముగిసింది.

ఒక్కడే అన్నీ వాయించడమంటే ఏమిటో కాస్త ఆలోచించండి. మొదటి వాద్యం టేపుకెక్కించేటప్పుడు మిగతావి లేవు. అవి వాయించేవాడి తలలో మాత్రమే మోగుతున్నాయి. ఇంకా రాని డ్రమ్ము కోసం గిటార్ చోటు వదలాలి. ఇంకా పాడని గొంతు కోసం బేస్ పక్కకు జరగాలి. 'ఓర్'లో మనకు వినబడే ఖాళీలన్నీ అలా ముందే ఊహించి వదిలినవి. అవన్నీ చెదిరిన మనసు పోగొట్టుకున్నవని అనేవాళ్లు 'మార్గరెట్-టైగర్ రగ్'లో బేస్ ఎలా ఒళ్లు విరుచుకుంటూ మిగతావాటి సందుల్లోకి జారుకుంటుందో ఒక్కసారి వినాలి. సందు ముందే సిద్ధంగా లేకపోతే అది ఎక్కడికి జారుతుంది?

'క్రిపుల్ క్రీక్'లో గొంతు పూర్తిగా మారిపోతుంది. ఇందాకటి లేత గొంతు ఎక్కడికో పోయి, మంద్రంలో, నేలకు ఆనుకున్నంత కింద, ముసలి గొంతొకటి పలుకుతుంది. మరణశయ్య మీద ఉన్న ఒక అవిటివాడు పగటికలలో ఎక్కడికో స్వారీ వెళ్తున్నాడు. గిటార్ తీగలు ఒక్కొక్కటిగా మీటుతుంటే ఆ గొంతు కదలకుండా కూర్చుని కథ చెబుతుంది. జానపదంలో ఒక పురాతన మర్యాద ఉంది: ఎంత ఘోరమైన సంగతైనా కథకుడు కంఠం పెంచకుండా చెబుతాడు. మనవైపు కథాగేయాలు విన్నవాళ్లకు ఇది కొత్తకాదు. స్పెన్స్ ఆ మర్యాద తప్పలేదు. కరుణ రసం పాడేవాడి గొంతులో ఒలికిపోతే వినేవాడికి మిగలదని ఇరవై రెండేళ్లకే గ్రహించాడు.

ఈ ఆల్బమ్‌లో నేను ఎక్కువసేపు ఆగిపోయే చోటు 'వెయిటెడ్ డౌన్'. ఉపశీర్షిక దీన్ని జైలు పాట అంటుంది. ఆరు నిమిషాలు దాటిన పాట, దాదాపు ఒకే అడుగు మీద నడుస్తుంది. చాలాకాలం ఇంటికి దూరమైన మగవాడు తన మనిషిని ఒక ప్రశ్న అడుగుతాడు: నేను లేనన్నాళ్లూ ఎవరి మేజోళ్లకు చిరుగులు కుడుతూ కూర్చున్నావని. అంతే. మోసమనే మాట లేదు, నింద లేదు, ఇంకో మగవాడి పేరు లేదు. ఒక సూది, దారం, చిరిగిన మేజోడు. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనికి, అంటే పైకి అనకుండానే తోపించే అర్థానికి, ఉదాహరణ కావాలంటే సంస్కృతంలోనే వెతకనక్కర్లేదు. మన శృంగార పదాల్లో ఖండిత నాయిక తెల్లవారాక వచ్చిన ప్రియుడి ఒంటి మీది గుర్తులు చూపించి నిలదీస్తుంది. సాక్ష్యం కళ్లెదుట ఉంటుంది. ఈ మనిషికి సాక్ష్యం చూసే భాగ్యం కూడా లేదు. ఉన్నచోటే కూర్చుని ఇంటి పనులు ఊహించుకోవాలి. అసూయ పడటానికి కూడా అంత చిన్న వస్తువే దొరికింది. అడిగిన తర్వాత గొంతు ఆగుతుంది, జవాబు వస్తుందన్నట్టు. గిటార్ మాత్రం నడుస్తుంటుంది. డ్రమ్మర్‌కు మాత్రమే చేతనైన నిరీక్షణ అది.

ఇంత బరువు మధ్య హాస్యానికి చోటు ఉందంటే నమ్మబుద్ధి కాదు. 'లారెన్స్ ఆఫ్ యుఫోరియా', 'డిక్సీ పీచ్ ప్రామనేడ్' వింటే నమ్మాలి. మాటల విరుపులు, ఆకతాయి పల్లవులు, తన నవ్వును తానే ఆపుకుంటున్న గొంతు. ఆల్బమ్‌ను విషాదగాథగా మాత్రమే చూసేవాళ్లు ఈ పాటల దగ్గర ఇబ్బంది పడి దాటేస్తారు. దాటకూడదు. 'డయానా'లో ఒకే పేరును పిలిచి పిలిచి అలసిపోయే ఆ గొంతూ, ఇక్కడ చిలిపిగా నవ్వే గొంతూ ఒకే గదిలో, ఆ కొద్ది రోజుల్లోనే పుట్టాయి. 'బుక్స్ ఆఫ్ మోజెస్'లో ఉరుములూ, లోహం మీద పడే దెబ్బల్లాంటి చప్పుడూ పాట చుట్టూ మోగుతుంటాయి. దెబ్బ ఎక్కడ పడినా అతను దాన్ని తాళంలో కలుపుకుంటాడు. 'వార్ ఇన్ పీస్' చివర క్రీమ్ బృందం 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' గిటార్ వరస ఒక్కసారి తొంగిచూసి పోతుంది. లోకంలో ఏం మోగుతోందో అతని చెవిన పడుతూనే ఉంది.

1969 మేలో 'ఓర్' విడుదలైంది. ఏడు వందల కాపీలు కూడా పోలేదంటారు. కంపెనీ కొద్దికాలానికే దాన్ని తన జాబితాలోంచి తీసేసింది. రోలింగ్ స్టోన్ పత్రికలో గ్రీల్ మార్కస్ మాత్రం అప్పుడే మెచ్చుకుంటూ రాశాడు. స్పెన్స్ మళ్లీ సొంత ఆల్బమ్ చేయలేదు. ఆ తర్వాతి మూడు దశాబ్దాలు జబ్బు, మత్తు, ప్రభుత్వ సంరక్షణ గృహాలు, కొన్నిసార్లు వీధులు. 1999 ఏప్రిల్ 16న శాంటా క్రూజ్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు, యాభై మూడో పుట్టినరోజుకు రెండు రోజుల ముందు.

అదే ఏడాది 'ఓర్' పాటలన్నీ ఇతర గాయకులు పాడిన 'మోర్ ఓర్' వచ్చింది. 'లిటిల్ హ్యాండ్స్'ను రాబర్ట్ ప్లాంట్ ఎంతో ప్రేమతో పాడాడు. కానీ అక్కడ దెబ్బలన్నీ సరైన చోటే పడతాయి, అందుకే పాట చిన్నబోయింది. 'బుక్స్ ఆఫ్ మోజెస్' పాడిన టామ్ వెయిట్స్‌కు ఆ గరుకుదనం సొంత ఇల్లు. అసలు పాటకు అంత దగ్గరగా వెళ్లినది నాకు ఇంకొకటి వినబడలేదు.

'ఓర్' చివరి పాట 'గ్రే/ఆఫ్రో'. తొమ్మిది నిమిషాలకు పైగా డ్రమ్స్, బేస్, నీళ్లలోంచి వస్తున్నట్టు వణికే గొంతు. మాటలు సగం అందవు. మొదట్లో నాకూ ఇది అలసట తెప్పించింది. డ్రమ్స్‌ను మాత్రమే పట్టుకుని విన్నప్పుడు దారి తెలిసింది. పాట నడిపేది డ్రమ్మే, గొంతు దానికి పక్కవాద్యం. 2018లో ఆ నాష్‌విల్ టేపులు 'అండ్ఓర్అగైన్' పేరుతో మూడు సీడీలుగా బయటికొచ్చాయి. వాటిలో పాటల వేరే రూపాలున్నాయి, సగంలో వదిలేసిన తునకలున్నాయి. ఒకే వరసను ఇంకోలా పట్టి చూడటం, నచ్చక వదలటం, మళ్లీ ఎత్తుకోవటం వాటిలో వినొచ్చు. మతి తప్పి దొర్లిపోయిన పాటలని తీర్పు చెప్పేవాళ్లు ముందు ఆ టేపులు వినాలి. తన చేతిపని నచ్చక మళ్లీ మొదలుపెట్టే పనివాడు వాటిలో ఉన్నాడు.