ఒక మైదానం, రెండు గాలులు

వేల్స్ పడమటి తీరాన హార్లెఖ్ అనే చిన్న ఊరుంది. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283-1289 మధ్య అక్కడి రాతిగుట్ట మీద కోట కట్టించాడు. ఆ రోజుల్లో సముద్రం గుట్ట పాదం దాకా ఉండేది. శత్రువులు చుట్టుముట్టినప్పుడు కోటలోకి తిండిగింజలు ఓడల మీదే చేరేవి. తర్వాతి శతాబ్దాల్లో కెరటాలు, గాలి కలిసి అక్కడ ఇసుక మేట వేశాయి. సముద్రం వెనక్కి జరిగింది. కోట కింద ఇప్పుడు పరుచుకుని ఉన్నది 1894లో మొదలైన రాయల్ సెయింట్ డేవిడ్స్ గోల్ఫ్ మైదానం.

గోల్కొండ నయా ఖిల్లా దగ్గర ఆడిన హైదరాబాదీలకు కోటగోడల పక్కన గోల్ఫ్ కొత్తేమీ కాదు. హార్లెఖ్‌లో కొత్తగా అనిపించేది కాళ్ల కింది నేల. సాగుభూమికీ సముద్రానికీ నడుమ ఉండే ఇలాంటి ఇసుక నేలనే లింక్స్ అంటారు. పంటలకు పనికిరాని ఈ నేలను ఒకప్పుడు గొర్రెలకూ కుందేళ్లకూ వదిలేసేవారు. అవి కొరికి కొరికి గడ్డిని పొట్టిగా ఉంచేవి. వాన నీరు ఇసుకలోకి ఇట్టే ఇంకిపోతుంది కాబట్టి బురద ఉండదు. అక్కడి సన్నని ఫెస్క్యూ గడ్డి కింద నేల గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. పడ్డ బంతి అక్కడే ఆగిపోదు, ఎగిరి, దొర్లి, నేల వాలును బట్టి పోతుంది. లింక్స్ ఆటలోని నేర్పంతా ఈ ఒక్క లక్షణం నుంచే పుట్టింది.

మన దగ్గర నీళ్లు పెట్టి పెంచిన మెత్తటి గడ్డి మీద ఆట నేర్చుకున్నవాళ్లు బంతిని ఎత్తుగా లేపి, గ్రీన్ మీద నేరుగా దించడానికి అలవాటు పడతారు. వేల్స్ తీరంలో ఎత్తుకు లేచిన బంతి గాలి పాలవుతుంది. అందుకే అక్కడివాళ్లు బంతిని కిందుగా కొడతారు. బంతిని రెండు పాదాల మధ్య కాస్త వెనక్కి ఉంచుకుంటారు, చేతులు బంతికన్నా ముందుంటాయి, కొట్టాక క్లబ్బును భుజం దాకా పోనివ్వకుండా తొందరగా ఆపేస్తారు. ఎదురుగాలిలో మామూలుగా వాడే క్లబ్బుకన్నా రెండు మూడు అంకెలు తక్కువున్న పొడవైన క్లబ్బు తీసుకుని నెమ్మదిగా తిప్పుతారు. బలంగా కొడితే బంతి మరింత సుడి తిరిగి ఇంకా పైకి లేస్తుంది, అనుకున్న దూరం పోకుండా మధ్యలోనే రాలిపోతుంది. వెనకగాలి ఉంటే గ్రీన్‌కు చాలా ముందే బంతిని దించి, మిగతా దారి నేలకు వదిలేస్తారు. పక్కగాలి అయితే జెండాకు దూరంగా గురిపెట్టి, గాలే దాన్ని మళ్లించి తెచ్చేలా చూస్తారు.

గ్రీన్ బయట ఇరవై గజాల దూరం నుంచి కూడా పటర్ వాడటం అక్కడ తెలివైన పని. ఏడో నంబర్ ఐరన్‌తో చిన్న దెబ్బ కొట్టి బంతిని దొర్లించడం ఇంకో పద్ధతి. వేల్స్ వెళ్లి ఆడాలనుకుంటే, ప్రయాణానికి నెల ముందు నుంచి రోజూ ఓ అరగంట ఈ దెబ్బను సాధన చేస్తే ఎంతో మేలు. నిట్టనిలువు గోడలున్న బావుల్లాంటి బంకర్లలో బంతి పడితే జెండా వైపు కొట్టాలన్న పంతం మానుకోవాలి. పక్కకో వెనక్కో కొట్టి బయటపడటమే దారి.

ఇక ఎక్కడెక్కడ ఆడాలి? దక్షిణాన మొదలుపెట్టాల్సింది రాయల్ పోర్త్‌కాల్‌లో. 1891లో పుట్టిన ఈ క్లబ్బు మైదానంలో పెద్ద దిబ్బలు లేవు, గాలిని ఆపేదీ లేదు. మొదటి మూడు హోల్స్ కెరటాల పక్కనే సాగుతాయి, ప్రతి హోల్ నుంచీ సముద్రం కనిపిస్తుంది. 1995 వాకర్ కప్‌లో పందొమ్మిదేళ్ల టైగర్ వుడ్స్ ఇక్కడ ఆడాడు, ఆయన ఉన్న అమెరికా జట్టు ఓడిపోయింది. 2014 సీనియర్ ఓపెన్‌ను బెర్న్‌హార్డ్ లాంగర్ 13 స్ట్రోక్‌ల తేడాతో గెలిచింది ఇక్కడే. 2025లో మహిళల ఓపెన్ కూడా ఈ తీరానికే వచ్చింది, జపాన్ క్రీడాకారిణి మియూ యమషిత గెలిచింది.

అక్కడికి పడమరగా గవర్ ద్వీపకల్పంలో పెన్నార్డ్ ఉంది. సముద్రానికి ఎత్తుగా, కొండకొమ్ము మీద పరుచుకున్న ఇసుక నేల అది. ఏడో హోల్ పక్కన శిథిలమైన కోట ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మధ్యయుగాల్లోనే అక్కడి కోటనూ చర్చినీ కప్పేయడంతో జనం విడిచి వెళ్లిపోయారు. హార్లెఖ్‌లో ఆటకు నేల ఇచ్చిన ఇసుకే ఇక్కడ మనుషుల్ని తరిమేసిందన్నమాట. ఫెయిర్‌వేలో ఆవులు మేస్తూ కనిపిస్తే కంగారు పడకండి, ఆ మేత హక్కు వాటికి తరతరాలుగా ఉంది.

మధ్య వేల్స్‌లో అబర్డవీ ఉంది. 1880లలో కర్నల్ రక్ అనే ఆయన ఊళ్లో ఒకావిడ దగ్గర తొమ్మిది పూలకుండీలు అరువు తెచ్చి, అక్కడి బీడులో గుంతలు తవ్వి పాతి ఆట మొదలుపెట్టాడని చెబుతారు. ఆ సంగతిని లోకానికి చెప్పింది ఆయన మేనల్లుడు, చార్లెస్ డార్విన్ మనవడు బెర్నార్డ్ డార్విన్. టైమ్స్ పత్రికకు దశాబ్దాల పాటు గోల్ఫ్ గురించి రాసిన ఆయన మనసు ఎప్పుడూ ఈ మైదానం మీదే ఉండేది.

ప్రణాళిక వేసేటప్పుడు చాలామంది పేరున్న మైదానాలన్నీ రాసుకుని, రోజుకొకటి చొప్పున చుట్టేస్తారు. నా సలహా వేరు. ఎనిమిది రోజులుంటే మూడు నాలుగు మైదానాలు చాలు, వాటిలో ముఖ్యమైన వాటిని రెండేసి సార్లు ఆడండి. పోర్త్‌కాల్‌లో మూడు రాత్రులు ఉండి అక్కడ రెండు ఆటలు, పెన్నార్డ్‌లో ఒకటి. ఉత్తరానికి వెళ్లే కొండదారి వంకరటింకరగా, నిదానంగా సాగుతుంది. కారులో మూడు గంటలకు పైనే పడుతుంది కాబట్టి ఆ రోజు ఆట పెట్టుకోవద్దు. మిగిలిన రోజులు అబర్డవీ, హార్లెఖ్‌లకు ఇవ్వండి. రెండింటికీ రైల్వే స్టేషన్లు మైదానానికి దగ్గరే. ఆ రెండు ఊళ్ల మధ్య నడిచే రైలు బార్మత్ దగ్గర సముద్రపు పాయను 1867 నాటి చెక్క వంతెన మీద దాటుతుంది, ఆ ప్రయాణం ఆటంత ఆనందాన్నిస్తుంది.

మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి సాయంత్రం ఆటకూ సమయం చిక్కుతుంది. పేరున్న క్లబ్బులు హ్యాండిక్యాప్ ధ్రువపత్రం అడగవచ్చు. కొన్ని వేళలను సభ్యులకే కేటాయిస్తారు, కాబట్టి నెలల ముందే రాసి సమయం ఖాయం చేసుకోండి. వీసాకూ అంతే ముందుగా దరఖాస్తు చేయాలి. వాన ఆపే చొక్కా, ప్యాంటు, తడిసినా పట్టు జారని చేతి తొడుగులు సామానులో ఉండాలి. బండి మీద కాకుండా నడిచే ఆడండి. నేల వాలు కాళ్లకు తెలిసినంతగా కళ్లకు తెలియదు.

ఒకే మైదానాన్ని రెండుసార్లు ఎందుకు ఆడాలో హార్లెఖ్ చివరి హోల్ చెబుతుంది. అది పార్ 3, దాదాపు రెండు వందల గజాలు. సముద్రపు గాలి ఎదురైన రోజు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టినా బంతి గ్రీన్ చేరడం కష్టం. రెండు రోజుల తర్వాత గాలి మళ్లి వెనక నుంచి వీస్తుంటే, అదే చోట నిలబడి చిన్న ఐరన్ తీసుకుని, గ్రీన్‌కు ఎంత ముందు బంతిని దించాలా అని ఆలోచిస్తారు. మొదటి రోజు స్కోరు కార్డు మీద రాసుకున్న అంకె ఆ పూట మీకు పెద్దగా గుర్తుండదు. గాలి ఎటు వీస్తోందో చూడటానికి జెండా వైపు, గడ్డి వైపు, ఆ తర్వాత గుట్ట మీది కోట వైపు తల తిప్పుతారు. ఆ కోట వాకిట్లోకి ఓడలు వచ్చిన రోజుల్లోనూ ఇదే గాలి వీచింది.