తలకిందులుగా ఆరే పండగ రొట్టె

మిలాన్ నగరపు పనెత్తోనేని మొదటిసారి చూసినవాళ్లు కేక్ అనుకుంటారు. ఎత్తయిన ఒళ్లు, గుండ్రంగా ఉబ్బిన తల, కోస్తే లోపల పచ్చని పసుపు, మధ్యమధ్య ఎండుద్రాక్ష. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అది రొట్టె. గుడ్లు గిలకొట్టీ, బేకింగ్ పౌడర్ వేసీ లేపింది కాదు. పులిసిన పిండి తన బలంతో తానే, రెండు రోజులు తీసుకుని లేచింది.

ఈ తేడాను ఇటలీ ఎంత పట్టించుకుందంటే, 2005 జూలై 22న ప్రభుత్వం దీనికోసం ఒక ఉత్తర్వే తెచ్చింది. ఆ దేశంలో డబ్బా మీద పనెత్తోనే అని అచ్చువెయ్యాలంటే వెన్న 16 శాతానికి తగ్గకూడదు. ఎండుద్రాక్ష, పాకంలో ఊరిన నిమ్మజాతి తొక్కలు కలిపి 20 శాతం ఉండాలి. గుడ్ల పచ్చసొన కనీసం 4 శాతం పడాలి. ఇవన్నీ డబ్బు పెడితే తీరిపోయే షరతులు. డబ్బుతో తీరనిది మరొకటి ఉంది: పిండి సహజంగా, పులిసిన ముద్దతోనే పొంగాలి. బేకరీ ఈస్టు కొద్దిగా కలుపుకోవచ్చు కానీ అది సాయానికే తప్ప ఆ ముద్దకు బదులుగా కాదు. నా దృష్టిలో ఆ ఉత్తర్వుకు ప్రాణం ఈ ఒక్క షరతే. ఇంట్లో పనెత్తోనే చెయ్యాలనుకునేవాళ్లు మొట్టమొదట మనసులో పెట్టుకోవాల్సిందీ ఇదే.

పుట్టుక గురించి కథలకు లోటు లేదు. తోని అనే వంటకుర్రాడు యజమాని పరువు కాపాడాడని ఒకటి, రొట్టెలవాడి కూతురిని ప్రేమించిన కులీనుడు దీన్ని కనిపెట్టాడని ఇంకొకటి. వినడానికి బాగుంటాయి, అంతే. కాగితం మీద మిగిలిన ఆధారం వేరే చోట ఉంది. మిలాన్‌కు దగ్గర్లోని పావియాలో బొర్రొమేయో కళాశాల ఖర్చుల చిట్టా ప్రకారం 1599 క్రిస్మస్‌కి విద్యార్థుల కోసం 13 పెద్ద రొట్టెలు చేయించడానికి రొట్టెలవాడికి వెన్న, ఎండుద్రాక్ష, సుగంధద్రవ్యాలు ఇచ్చారు. ఇప్పుడు మనం చూసే ఎత్తు మాత్రం పాతది కాదు. 1919లో మిలాన్‌లో దుకాణం తెరిచిన ఆంజెలో మొత్తా, ఆ తర్వాతి దశాబ్దంలో ముద్ద చుట్టూ కాగితం తొడుగు పెట్టి పైకి లేపాడు. అంతకుముందు పనెత్తోనే పొట్టిగా, వెడల్పుగా ఉండేది. ఆ పొట్టి రూపాన్ని ఇప్పటికీ చేసేవాళ్లున్నారు.

ఇక పనిలోకి వద్దాం. ఒక కిలో రొట్టెకి సుమారు 290 గ్రాముల పిండి పడితే, వెన్న 170 గ్రాములు, చక్కెర 110 గ్రాములు, ఆరేడు గుడ్ల పచ్చసొన, పండ్లముక్కలు 230 గ్రాములు పడతాయి. పిండిలో సగానికి మించి వెన్నే! కష్టమంతా ఈ లెక్కలోనే ఉంది. గోధుమపిండి తడిసి నలిగినప్పుడు గ్లూటెన్ అనే సాగే వల తయారవుతుంది. పులిసినప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచేది ఆ వలే. వెన్న ఆ పోగుల మీద పూతలా పేరుకుని ఒకదానితో ఒకటి కలవనివ్వదు. చక్కెర ఈస్టు కణాల్లోంచి నీటిని లాగేసి దాన్ని నీరసపరుస్తుంది. పండ్లముక్కల బరువు పైకి లేచేదాన్ని కిందికి గుంజుతుంది. రుచినిచ్చే ప్రతి వస్తువూ రొట్టె పొంగడానికి శత్రువే. అన్నిటినీ ఒకేసారి కలిపితే ముద్ద ఓడిపోతుంది. అందుకని మిలాన్ రొట్టెలవాళ్లు దాన్ని రెండు విడతలుగా కలుపుతారు. మొదటి విడతలో పిండి, నీళ్లు, కొంత చక్కెర, కొంత సొన, కొంత వెన్న చేర్చి రాత్రంతా పొంగనిస్తారు. అలా బలం పుంజుకున్న ముద్దకు తెల్లారాక మిగతా బరువంతా ఎత్తుతారు. పనెత్తోనే విద్యకు మూలం ఈ రెండు ముద్దల పద్ధతి.

అయితే దానికీ ముందుది తల్లిపిండి. ఇటాలియన్లు లియెవితో మాద్రె అంటారు. అందులో పిండి, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండవు. ఈమధ్య మన నగరాల్లో కొందరు సీసాల్లో పెంచుతున్న జారుడు సోర్‌డో లాంటిది కాదిది. నీళ్లు పిండి బరువులో సగానికి మించవు, పిసికితే చేతికి అంటదు. గట్టిగా ఉంచడం వల్ల పులుపు నెమ్మదిగా ఎక్కుతుంది, పొంగించే శక్తి నిలబడుతుంది. ఆ ముద్దలో కాపురముండే జీవులు ముచ్చటైనవి. చాలా తల్లిపిండ్లలో కనిపించే బ్యాక్టీరియా ఫ్రక్టిలాక్టోబాసిల్లస్ సాన్‌ఫ్రాన్సిస్కెన్సిస్. దాని పక్కన తరచూ కనిపించే ఈస్టు కజక్‌స్తానియా హ్యూమిలిస్. పిండిలోంచి వచ్చే మాల్టోజ్ అనే చక్కెరను బ్యాక్టీరియా తింటుంది, ఈ ఈస్టు దాన్ని ముట్టనే ముట్టదు. ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డురాదు. బ్యాక్టీరియా పుట్టించే ఆమ్లం వేరే సూక్ష్మజీవులను దగ్గరికి రానివ్వదు, ఈస్టు ఆ ఆమ్లాన్ని తట్టుకుని బతుకుతుంది.

మన ఇళ్లలో పెరుగు తోడు ఎలా చేతులు మారుతుందో, ఇటలీలో తల్లిపిండీ అలాగే ఒక బేకరీ నుంచి ఇంకో బేకరీకీ, అక్కణ్ణుంచి ఇళ్లకూ నడుస్తుంది. దొరక్కపోతే పిండి, నీళ్లు కలిపి మొదట్నుంచీ పెంచుకోవచ్చు, కాకపోతే రోజూ పిండి మారుస్తూ కొన్ని వారాలు పోషించాలి. డిసెంబరు రొట్టెకి అక్టోబరులోనే మొదలుపెట్టమంటాను. లొంబార్దీలో దాన్ని గుడ్డలో చుట్టి తాడుతో బిగించి కడతారు. పక్కనున్న పీడ్‌మాంట్‌లో నీళ్లలో ముంచి ఉంచుతారు. రెండు పద్ధతుల మధ్య ఎడతెగని వాదం ఉంది. ఇంట్లో చేసుకునేవాళ్లకు నీళ్ల పద్ధతి తేలికని నా అభిప్రాయం. అదనపు పులుపు నీళ్లలోకి దిగిపోతుంది.

రొట్టె చేసే రోజు తల్లిపిండికి మూడుసార్లు కొత్త పిండి పెట్టాలి. ప్రతిసారీ 28 డిగ్రీల వెచ్చదనంలో మూడు నాలుగు గంటల్లో మూడింతలు కావాలి. అలా కాకపోతే ఆ రోజు రొట్టె జోలికి పోకూడదు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. ముద్దను కోసి చూస్తే లోపల కోలగా సాగిన రంధ్రాలుండాలి, నాలిక మీద పెట్టుకుంటే పులుపు, తీపి సమంగా తెలియాలి. నాలికను కొరికేంత పులుపుంటే, లీటరు గోరువెచ్చని నీటికి రెండు గ్రాముల చక్కెర వేసి ముక్కలను కాసేపు అందులో స్నానం చేయిస్తారు. పులుపెక్కిన తల్లిపిండి వాడితే శిక్ష వెంటనే పడదు. రాత్రంతా గ్లూటెన్‌ను ఆమ్లం తినేసి, పొద్దున లేచి చూసేసరికి ముద్ద జావలా జారిపోయి ఉంటుంది. అప్పుడిక చేసేదేమీ ఉండదు.

పిండి కూడా గట్టిది కావాలి. ఇటాలియన్లు ఇలాంటి బలమైన పిండిని కెనడా గోధుమల ప్రాంతం పేరుతో మానితోబా అని పిలుస్తారు. మన కిరాణా మైదా ఈ పన్నెండు గంటల పరీక్షకు ఆగడం కష్టం. ప్యాకెట్ మీద ప్రొటీన్ 13 శాతమైనా ఉన్న పిండి వెతకాలి, లేదా మైదాలో విడిగా అమ్మే గ్లూటెన్ పొడి కొద్దిగా కలుపుకోవాలి.

మొదటి ముద్ద సాయంత్రం కలుపుతారు. అందులోంచి చిన్న ఉండ తీసి గీతలున్న గాజు కొలపాత్రలో అదిమి, పెద్ద గిన్నె పక్కనే పెడతారు. దాన్ని గూఢచారి అంటారు. గిన్నెలో ముద్ద ఎంత పెరిగిందో కంటికి తెలియదు, కొలపాత్రలో గీత చెబుతుంది. మూడింతలయ్యేదాకా ఆగాలి. గడియారాన్ని నమ్మకూడదు, గూఢచారినే నమ్మాలి. డిసెంబరు రాత్రి హైదరాబాదు వంటిల్లు దీనికి చల్లనే. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం ఒక్కటీ వేసి ఉంచితే సరిపడా వెచ్చదనం వస్తుంది.

తెల్లారాక రెండో ముద్ద. ఇక్కడ తొందరపడితే రాత్రి సంపాదించిందంతా పోతుంది. ముందు మిగిలిన పిండి వేసి ముద్ద మళ్లీ బిగిసేదాకా కలపాలి. తర్వాత పచ్చసొన కొంచెం, చక్కెర కొంచెం, మళ్లీ సొన, మళ్లీ చక్కెర. ముందు వేసింది పూర్తిగా ఇంకాకే తర్వాతిది. ఉప్పు, తేనె, వెనిల్లా పడ్డాక చివరికి మెత్తటి వెన్న, కొద్దికొద్దిగా. ఉప్పు లేని వెన్నే వాడాలి. సొనలోని లెసిథిన్ వెన్ననూ నీటినీ కలిపి పట్టుకుంటుంది కాబట్టే ఇంత కొవ్వు ముద్దలో ఇముడుతుంది. ముద్ద గిన్నె అంచులను వదిలి మిక్సర్ కొక్కేనికి చుట్టుకుని, సాగదీస్తే వెలుతురు కనిపించే పొరగా రావాలి. మిక్సర్ రాపిడికి ముద్ద వేడెక్కుతుంది. 26 డిగ్రీలు దాటిందంటే వెన్న కరగడం, పొర చిరగడం మొదలవుతాయి. మన దగ్గర డిసెంబరు మధ్యాహ్నం కూడా 28 దాకా పోతుంది కాబట్టి సొన, గిన్నె, కొక్కెం ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. వేసవిలో ఏసీ లేకుండా ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

పండ్ల సంగతి దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే చాలామంది చులకన చేసేది ఇక్కడే. బొప్పాయి ముక్కలకు రంగులద్దిన టూటీ ఫ్రూటీ ఇందులో వేయవద్దు. దానికి తీపి తప్ప వాసన లేదు, పనెత్తోనే పరిమళమంతా నిమ్మజాతి తొక్కల నూనెలోంచే వస్తుంది. నారింజ తొక్క ఒకటి, చెద్రో రెండోది. చెద్రో అంటే మన మాదీఫలమే. గుజ్జు కొంచెమే ఉండి, తెల్లటి తొక్క మందంగా ఉండే ఆ పండును ఇటలీ దక్షిణాన కాలాబ్రియాలో, దియామాంతె పరిసరాల్లోని సముద్రతీరంలో పండిస్తారు. యూదుల సుక్కోత్ పండగకు మచ్చలేని కాయలు ఏరుకోవడానికి మతగురువులు ఏటా వేసవిలో అక్కడికి వస్తారు. మాదీఫలం మనకు దొరికితే అంతకన్నా భాగ్యం లేదు.

తొక్కను చేదు పోయేలా రెండు మూడు నీళ్లలో ఉడికించి వార్చి, పలచని చక్కెర పాకంలో వేయాలి. మరునాడు పాకాన్ని విడిగా మరిగించి కాస్త చిక్కబరిచి మళ్లీ ముక్కల మీద పోయాలి. వారంపాటు ఇలా రోజుకింత చిక్కన చేస్తూ పోవాలి. మొదటి రోజే చిక్కటి పాకంలో పడేస్తే ముక్కలోని నీరు ఒక్కసారిగా బయటికి లాగేసినట్టయి, తొక్క ముడుచుకుని తోలులా తయారవుతుంది. నెమ్మదిగా చేస్తే నీరు పోయిన చోటికి చక్కెర చేరి ముక్క నిండుగా, అద్దంలా నిలుస్తుంది. కిస్‌మిస్‌ని కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టి, ముద్ద బాగా కుదిరాక అన్నిటికన్నా చివర కలపాలి.

ఆ తర్వాత ముద్దను కొంతసేపు విశ్రాంతిగా వదిలి, తూకం వేసి, వెన్న రాసిన చేతులతో బల్ల మీద గుండ్రంగా తిప్పుతూ పై పొర బిగుతుగా చేస్తారు. ఈ తిప్పడాన్ని పిర్లతూర అంటారు. కాగితం తొడుగులో పెట్టాక అంచుకు రెండు వేళ్ల కిందికి వచ్చేదాకా, అయిదారు గంటలు పొంగనివ్వాలి. పైన పలచగా శిలువ గాటు పెట్టి, మధ్యలో చిన్న వెన్నముక్క ఉంచి, 165 నుంచి 170 డిగ్రీల ఓవెన్‌లో సుమారు 50 నిమిషాలు. రంగు చూసి తియ్యొద్దు. ఉష్ణమాపకం గుచ్చితే నడిబొడ్డున 93 డిగ్రీలు చూపాలి.

బయటికి తీసిన క్షణం అన్నిటికన్నా గండం. వెన్న ఇంకా ద్రవంగానే ఉంటుంది, పిండిపదార్థం గట్టిపడలేదు, పై బరువుకు రొట్టె మధ్యలో కుంగిపోతుంది. అందుకే అడుగున రెండు ఇనుప చువ్వలు అడ్డంగా గుచ్చి, వెంటనే తిరగేసి, రెండు కుర్చీల మధ్యో పెద్ద గిన్నె అంచుల మీదో తలకిందులుగా వేలాడదీస్తారు. రాత్రంతా, కనీసం పది గంటలు. బరువు ఇప్పుడు రొట్టెను నొక్కకుండా సాగదీస్తుంది. చల్లారేసరికి వెన్న గడ్డకట్టి, గోడలు బిగిసి, ఆ ఎత్తు శాశ్వతమవుతుంది. ఇంతటి మెత్తని వస్తువును భూమ్యాకర్షణను వాడుకుని నిలబెట్టడం నాకు ఈ విద్యలో అన్నిటికన్నా అందమైన భాగం.

ఇంత తతంగం ఇంట్లో ఎందుకంటారా? ఇటలీలో డిసెంబరు వస్తే సూపర్‌మార్కెట్లలో చవక పనెత్తోనే గుట్టలుగా ఉంటుంది, చేతిపని దుకాణాల్లో ధర దానికి ఎన్నో రెట్లు. పై పనంతా ఒకసారి చేసినవాళ్లకు ఆ ఎక్కువ ధర న్యాయమేనని అర్థమవుతుంది. ఇంత ఓపిక లేనివాళ్లకూ దారి ఉంది. పెల్లెగ్రీనో అర్తూసి పేరుపొందిన వంటల పుస్తకంలో (తొలి ముద్రణ 1891) తన వంటమనిషి మరియెత్త పేరిట ఒక పనెత్తోనే ఉంది. సోడా, క్రీమ్ ఆఫ్ టార్టార్‌తో పూటలో అయిపోతుంది. మంచి వంటకమే. కానీ చేత్తో చీల్చితే పోగులుపోగులుగా విడివడటం, ఆ తేలికైన పులుపు వాసన దానికి రావు. ఇన్‌స్టంట్ ఈస్టు వేసి గంటల్లో లేపిన రొట్టె రెండో రోజుకే ఎండుతుంది. తల్లిపిండి రొట్టె ఆమ్లం వల్ల బూజు పట్టకుండా, వారాల తరబడి మెత్తగా నిలుస్తుంది.

చల్లారిన రొట్టెను గాలి చొరని సంచిలో కట్టి మూడు నాలుగు రోజులు ముట్టకుండా ఉంచాలి. పండ్ల వాసన, వెన్న వాసన అప్పుడే ఒకటవుతాయి. తినేముందు కాసేపు వెచ్చటి చోట పెట్టి, రంపపు పళ్ల కత్తితో నిలువుగా కొయ్యాలి. మిలాన్‌లో క్రిస్మస్ రొట్టెలో ఒక ముక్క దాచి ఫిబ్రవరి 3న, సెయింట్ బ్లేజ్ పండగ పొద్దున తింటారు. ఆయన గొంతును కాపాడతాడని వాళ్ల నమ్మకం. అప్పటికి ముక్క ఎండిపోయినా తింటారు. ఎండినది వద్దనుకుంటే జనవరి మధ్యలో ఇంకో వాయి వేసుకోవచ్చు. డిసెంబరంతా మేపిన తల్లిపిండి అప్పటికి మంచి ఊపు మీద ఉంటుంది.