సగంలో ఆగే షట్టర్

దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలు కట్టేశాక ఒక రాత బయటపడుతుంది. దించిన షట్టర్ల మీద అచ్చు పెట్టి రంగు కొట్టిన 'షట్టర్ రిపేర్' అన్న రెండు మాటలు, కింద ఫోన్ నంబరు. పొద్దున షట్టర్ సాఫీగా లేచిందా, నంబరు చుట్టలోకి వెళ్ళిపోతుంది. మొరాయించిందా, యజమాని కళ్ళెదుటే నిలబడి ఉంటుంది. ఇంతకంటే తెలివైన చోట ప్రకటన వేసుకున్నవాళ్ళు నాకు తెలియదు.

వీళ్ళకు పని ఇచ్చేవి దుకాణాలొక్కటే కాదు. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లో రోడ్డు వైపు ఒకటో రెండో మడిగెలు పెట్టి కట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అద్దెకు పోతే కిరాణా కొట్టు, పోకపోతే కారు షెడ్డు. అమెరికా ఇళ్ళలో గ్యారేజీ తలుపు చేసే పని ఇక్కడ ఆ షట్టరే చేస్తుంది.

పట్టీలు 18 గేజ్‌వో 20 గేజ్‌వో ఉక్కు రేకులు. మందం 1.2 మిల్లీమీటర్లు, లేదంటే 0.9. ఒక పట్టీ అంచు వంపు పక్క పట్టీ వంపులో దూరి ఉంటుంది కాబట్టి బందులూ మేకులూ లేకుండానే మొత్తం చుట్టుకుంటుంది. పైన రెండు బ్రాకెట్ల మధ్య ఇనుప పైపు. అది తిరగదు. దాని చుట్టూ స్ప్రింగులు ఉంటాయి: ఒక కొస పైపుకు, రెండో కొస పుల్లీకి. పట్టీలన్నీ వేలాడేది పుల్లీల మీదే. షట్టర్ దించితే పుల్లీలు తిరిగి స్ప్రింగులు బిగుసుకుంటాయి, లేపేటప్పుడు ఆ బిగువే మన చేతికి సాయం వస్తుంది.

నాకు ముచ్చటేసేది ఇందులోని లెక్క. పూర్తిగా దించినప్పుడు వేలాడే బరువు ఎక్కువ, స్ప్రింగు బిగువూ అప్పుడే ఎక్కువ. లేచేకొద్దీ పట్టీలు చుట్టలోకి చేరి బరువు తగ్గుతుంటే బిగువు కూడా సడలుతూ వస్తుంది. చుట్ట లావయ్యేకొద్దీ ఈ లెక్క కొంత తప్పుతుంది, ఆ తప్పును సర్దాల్సింది మనిషి చెయ్యే. మంచి మెకానిక్ వచ్చీ రాగానే షట్టర్‌ను నడుం ఎత్తుదాకా లేపి వదిలేస్తాడు. అది అక్కడే నిలబడాలి. జారితే బిగువు చాలలేదు, పైకి ఎగిరితే మించింది. "బరువు మీరు మొయ్యొద్దు సార్, స్ప్రింగు మొయ్యాలె" అంటారు.

బిగువు సర్దే పని దగ్గరుండి చూడాలి, కాస్త దూరంగానే దగ్గరుండి. షట్టర్‌ను పూర్తిగా చుట్టి, జారకుండా తాడుతో కడతారు. ఒకరు పైపు రెంచితో పైపును పట్టుకుంటే రెండో మనిషి బ్రాకెట్ మీది నట్లు వదులు చేస్తాడు. ఇక స్ప్రింగుల బలమంతా ఆ రెంచి మీదే. జారితే మణికట్టు విరుగుతుంది. అందుకే పని తెలిసినవాడు రెంచి కాడ తిరిగే దారిలో తల పెట్టడు. వీడియో చూసి ఇంటాయన చేసుకోదగ్గ పని కాదిది. కొంచెం తిప్పడం, నట్లు బిగించడం, నిచ్చెన దిగి షట్టర్ దించి చూడటం, మళ్ళీ ఎక్కడం. తొందరపడేవాడు ఒక్కసారే రెండు చుట్లు ఎక్కించి డబ్బులు తీసుకుని పోతాడు. మర్నాటి నుంచి ఆ షట్టర్ ఢామ్మని పైకి కొట్టుకుంటుంది, దించాలంటే ఇద్దరు వేలాడాలి.

ఇంట్లోవాళ్ళు చేసుకోదగ్గది పక్క చానెళ్ళ శుభ్రం. మనవాళ్ళు గ్రీజు డబ్బా తెచ్చి పని చెడగొట్టేది కూడా ఇక్కడే. విజయవాడ హైవే దుమ్ము ఉండనే ఉంది. 2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్ దాకా మెట్రో నడిచేవరకు ఆ పనుల దుమ్ము కూడా తోడైంది. చానెల్‌లో పూసిన గ్రీజు ఈ దుమ్మంతా పట్టుకుని, ఇసుక ముద్దై పట్టీల కొసలను అరగదీస్తుంది. కిరసనాయిలు గుడ్డతో చానెల్ తుడిచి, ఆరాక కొవ్వొత్తి రుద్దితే చాలు. గ్రీజు పైన స్ప్రింగులకూ పుల్లీలకూ పెట్టాలి.

2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. అలా నీళ్ళలో నానిన షట్టర్‌కు తుప్పు కిందినుంచి మొదలవుతుంది: చానెల్ అడుగు, కింది యాంగిల్, ఆపైన నాలుగైదు పట్టీలు. వాటికోసం షట్టర్ మొత్తం మార్చమనేవాడు వ్యాపారి. పనివాడు ఒకవైపు చానెల్ విప్పి, పాడైన పట్టీలను పక్కకు లాగేసి, కొత్తవి ఆ వంపుల్లోకే దూర్చుకుంటూ వస్తాడు. చివర్న పట్టీ విడిచి పట్టీకి కొసల్లో క్లిప్పులు బిగిస్తాడు. ఈ క్లిప్పులు చిన్నవి, చవక, కంటికి ఆనవు. అవి ఊడిపోతేనే పట్టీలు పక్కకు జరిగి చానెల్‌ను గీరుతాయి, షట్టర్ ఓరగా ఇరుక్కుంటుంది. ఒక చివర పట్టుకుని లేపే అలవాటు ఈ రోగాన్ని ముదరబెడుతుంది. రెండు చేతులతో మధ్యలో పట్టుకోవడం మేలు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల ఇళ్ళ తలుపు చుట్టుకోదు, ముక్కలుగా వంగి కప్పు కిందికి జరుగుతుంది. 1921లో సి.జి. జాన్సన్ తెచ్చిన పద్ధతి అది. అయినా బరువు మోసేది అక్కడా స్ప్రింగే. మామూలు రకానికి 10,000 సార్లు ఆయుష్షు అని ముందే చెప్పి అమ్ముతారు. రోజుకు నాలుగుసార్లు తీసి వేస్తే ఏడేళ్ళకు కొంచెం తక్కువ. ఇక్కడ ఆ లెక్క మెకానిక్ చేతికీ చెవికీ తెలుస్తుంది. మూడు స్ప్రింగుల్లో ఒకటి తెగినా మిగతా రెండూ కొన్నాళ్ళు లాగుతాయి, ఇంటాయన మాత్రం తనకు వయసు మీద పడుతోందనుకుంటాడు.

ఇప్పుడు పాత షట్టర్లకే పక్కన మోటారు తగిలిస్తున్నారు. బటన్ నొక్కితే లేస్తుంది కనుక స్ప్రింగు అలిసిపోయిన సంగతి మోటారు కాలేదాకా ఎవరికీ తెలియదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసేవాడు కరెంటు తీసేసి, మోటారును విడదీసి, ముందు చేత్తో నడుం ఎత్తుకు లేపి చూస్తాడు. అలా చూడకుండానే కొత్త మోటారు ధర చెప్పేవాడికి పని ఇవ్వకండి.