గంటల లెక్కన నడిచే బండి

బాబుపేట్‌లో బండి ఉన్నవాళ్లకు దుమ్ము గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కనే లాల్‌పేట్ బొగ్గు గనులు, చంద్రపూర్‌కు ఇంకో వైపు 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. బొగ్గుబాయి పని కోసం ఆదిలాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దుమ్ముతో తరాల పరిచయం. రోడ్డు లేని చోట తిరిగే బళ్లు ఇక్కడ రెండు రకాలు: ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్, తాడోబా అడవిలో సఫారీ జిప్సీ. బండిని ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు ఆయిలు మార్చాలో డంపర్ దగ్గర నేర్చుకుంటేనే జిప్సీ పదికాలాలు బతుకుతుందని నా నమ్మకం.

డంపర్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని గనిలో ఎవరూ అడగరు. చూసేది అవర్ మీటరే. సాధారణంగా 250 గంటలకు ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు. 1000 గంటలకు ట్రాన్స్‌మిషన్ ఆయిలు. 2000 గంటలకు హైడ్రాలిక్ ఆయిలు. కొత్త యంత్రాల్లో ఇంజిన్ ఆయిలు 500 గంటలదాకా ఆగుతుంది. నిండు లోడుతో ర్యాంపు ఎక్కేటప్పుడు డంపర్ మెల్లగా పాకుతుంది, షావెల్ కింద వంతు కోసం ఇంజిన్ ఆపకుండా నిలబడుతుంది. కిలోమీటర్లు పెరగవు, ఆయిలు మాత్రం కాగుతూనే ఉంటుంది.

జిప్సీ బతుకూ అంతే. తాడోబాలో గంటకు 20 కిలోమీటర్ల వేగం దాటకూడదు. హైవే మీద సగటున 50తో వెళ్లే బండి 5000 కిలోమీటర్లకు 100 గంటలు నడుస్తుంది. అడవిలో అదే దూరానికి 250 గంటలు. అంటే, డంపర్‌కు ఆయిలు మార్చే గడువే! నీటిగుంట దగ్గర పులి కోసం ఇంజిన్ ఆపకుండా వేచి ఉంటే ఆ సమయం దీనికి అదనం. అందుకే కిలోమీటర్ల పుస్తకాన్ని నమ్ముకున్న సఫారీ బండి ఇంజిన్ తొందరగా అరుగుతుంది. సర్వీసు గడువును సగానికి తగ్గించడం అతిజాగ్రత్త కాదు, కూడికలూ తీసివేతలూ వచ్చినవాడు చేసే పని.

దుమ్ము సంగతి వేరే చెప్పాలి. బొగ్గు పొడి నల్లగా భయపెడుతుంది గానీ మెత్తనిది. ఇంజిన్‌ను తినేది ఇసుకరాతి పొడి. అందులోని క్వార్ట్జ్ సిలిండర్ గోడకన్నా గట్టిది. ఎయిర్ ఫిల్టర్ ఆపాల్సింది దాన్నే. ఫిల్టర్‌ను నేలకేసి కొట్టి దులపడం మనవాళ్లకు పాత అలవాటు. అలా కొడితే అంచు రబ్బరు వంగి, కాగితానికి చిల్లులు పడి, ఇసుక తిన్నగా ఇంజిన్‌లోకి పోతుంది. తక్కువ ప్రెషర్ గాలితో లోపలి నుంచి బయటికి ఊదాలి. కొన్నిసార్లు ఊదాక మార్చేయాలి. డంపర్‌లో ఫిల్టర్ ఎంత మూసుకుందో చూపే ఇండికేటర్ ఎర్రబడ్డాకే దాన్ని ముట్టుకుంటారు. లోపలుండే రెండో ఫిల్టర్‌ను అసలు శుభ్రం చేయరు, మారుస్తారంతే. పెద్ద గనుల్లో ఆయిల్ శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపుతారు. అందులో సిలికాన్ పెరిగితే దుమ్ము దూరుతోందని, ఇనుము పెరిగితే లోపల అరుగుదల మొదలైందని తెలిసిపోతుంది.

గ్రీజు పని చవకైనది, అందుకే అందరూ మరిచిపోయేది.  జిప్సీ ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లకు గ్రీజు గన్ పెట్టి, పాత నల్ల గ్రీజంతా బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. రెండు పంపులు కొట్టి నిప్పల్ తుడిచేస్తే లోపల ఇసుక ఇసుకగానే ఉంటుంది. వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పి పొడి తీయడం, రేడియేటర్‌ను ఇంజిన్ వైపు నుంచి కడగడం 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ ఎండాకాలానికి ముందే అయిపోవాలి.

వాగు దాటితే ఇంకో గడువు మొదలవుతుంది. వేడెక్కిన యాక్సిల్ చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. అదే రోజు డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి చూడాలి. పాలలా తెల్లబడిన గేర్ ఆయిలు కారిందంటే గంటలూ కిలోమీటర్లూ లెక్కేయక్కర్లేదు, మార్చేయడమే.

మారుతి సాధారణ కొనుగోలుదారులకు జిప్సీ అమ్మకాన్ని 2019లో ఆపేసింది. ఉన్న బండిని కాపాడుకోవడం యజమానికి ఇప్పుడు అక్షరాలా పెట్టుబడిని కాపాడుకోవడమే. ఆ పనికి అదను కూడా అడవే ఇస్తుంది. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా తాడోబా కోర్ ప్రాంతం మూసి ఉంటుంది. వీల్ బేరింగులు విప్పి గ్రీజు నింపాలన్నా, గేర్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిళ్లు మార్చాలన్నా ఇదే సమయం. కొందరు దసరాకు నిమ్మకాయలు కట్టే రోజున బానెట్ ఎత్తుతారు. అప్పటికి సఫారీలు మొదలై వారాలైనా కావచ్చు. ఊరికే నిలబెట్టిన బండిలోనూ బ్యాటరీ దిగుతుంది, బ్రేక్ ఆయిలు తేమ పీలుస్తుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. అందుకని సెప్టెంబర్ మొదటి వారంలోనే ఓసారి బండి తీసి, వేడెక్కేదాకా నడిపి, ఎక్కడ కారుతోందో కింద పడుకుని చూడాలి. విడిభాగం ఏదైనా తెప్పించాల్సి వస్తే అప్పటికింకా మూడు వారాలు చేతిలో ఉంటాయి.