ఏకులబుట్ట ఇంగ్లీషుల ఏమైంది?

దళిత స్త్రీల కథ ఇంగ్లీషులోకి పోవడం పెద్ద గెలుపని మనవాళ్ళు అంటున్నరు. కాదని మేము అనం. అయితే ఆ గెలుపులో చేతికి వచ్చిందెంత, దారిలో రాలిపోయిందెంత అన్న లెక్క ఇంకా ఎవరూ సరిగ చూడలేదు. గోగు శ్యామల కథలను ముందర పెట్టుకొని ఆ లెక్క మొదలుపెడుతున్నం.

శ్యామలది తాండూరు పక్క పెద్దేముల్. ఆ ఊరికి దగ్గరి కొడంగల్ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండె. ఇప్పుడు రెండూ వికారాబాద్ జిల్లాలోనివే. జిల్లా గీతలు మారినయి గానీ ఆ నేల మాట పాలమూరు మాటకు చుట్టమే. ఆమె కథల సంపుటిని నవయాన వాళ్ళు 2012లో ఇంగ్లీషులో తెచ్చిన్రు. తెలుగు సంపుటి ఆ తర్వాతనే వచ్చింది. ఈ వరుసను మనం మామూలు సంగతి లెక్క దాటేసినం. మా వాడ కథ మా వాడకు పుస్తకంగా చేరకముందే ఢిల్లీ అంగడికి చేరింది.

తెలుగులో ఆ పుస్తకం పేరు ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’. ఊర్లల్ల ముసలోళ్ళ నోట నానిన సామెత ఇది. ఇంగ్లీషు పేరును తిరిగి తెలుగు చేస్తే, ‘తండ్రి ఏనుగు కావచ్చు, తల్లి చిన్న బుట్ట మాత్రమే, కానీ...’ అని వస్తది. ఏకులు ఎటు పోయినయి? ఏకులంటే దూదిని ఏకి, రాట్నం మీద వడకడానికి చుట్టిపెట్టుకున్న వత్తులు. ఏకులబుట్ట నిండుగున్నా బరువుండదు. కానీ అందులో ఆడమనిషి పొద్దంతా చేసిన పని ఉంటది, ఇంటికి రావలసిన నూలు ఉంటది. సామెత తూకమేసింది బరువునూ పనినీ. ఇంగ్లీషులో మిగిలింది పెద్ద, చిన్న అనే కొలత ఒక్కటే. ‘నయం’ అన్నది తీర్పు. దాని జాగలో మూడు చుక్కలు పెట్టి, తీర్పును చదివేటోని దయకు వదిలిన్రు. అనువాదకులను తిట్టాలని ఈ మాట అనడం లేదు. పలువురు కలిసి, ఓపికతో చేసిన పని అది. లోపల కథలు నిలబడ్డయి.

ఎందుకు నిలబడ్డయంటే ఆ కథలకు బలం పనిలో ఉంది. పొలంకాడ మీదపడ్డ భూస్వామిని చిన్నపిల్ల బాలమ్మ ఎదిరించి గెలిచే కథకు ఇంగ్లీషులో తాటకి మళ్ళీ గెలిచిందని పేరు. బాలమ్మకు పని తెలుసు, నేల తెలుసు, తన ఒంటి బలం తెలుసు. దళిత ఆడపిల్ల అనంగనే ఏడుపును ఎదురుచూసే పాఠకుడికి ఆ కథ ఏ భాషలోనైనా ఎదురు తిరుగుతది. ‘తాటకి’ సంగతి వేరు. నోరున్న ఆడపిల్లను మన ఊర్లల్ల తాటకి అని తిడతరు. అది రామాయణం చదివి అనే మాట కాదు. ఇంగ్లీషు పాఠకునికి మాత్రం అది పురాణం పేరుగనే అందుతది. ఇంకో కథలో కూతురును జోగిని చెయ్యాలన్న ఊరి పెత్తనాన్ని కాదని తండ్రి పిల్లను హాస్టలు చదువుకు పంపుతడు. జోగిని వ్యవస్థ మీద 1988లో చట్టం వచ్చింది. ఆ చట్టం భాషలో లేని తండ్రి భయం కథలో ఉంది. అది అనువాదంలో కూడా చెడలేదు.

ఈ బాధ మనదొక్కటే కాదని తెలుసుకోవడానికి దూరంనుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. తూర్పు యూరపు యూదుల ఇంటి భాష యిడ్డిష్. మగవాళ్ళకు గ్రంథాల భాష హీబ్రూ. యిడ్డిష్ ఆడవాళ్ళదీ చదువురానోళ్ళదీ అని చిన్నచూపు. చదువుకున్న యూదులే దాన్ని ‘జార్గన్’ అన్నరు, మన మాటను ‘యాస’ అన్నట్టు. అదే భాషను ప్రేమగ ‘మామె లోషన్’, అమ్మ భాష, అని కూడ పిలుచుకున్నరు. ఆ భాషలో రాసిన ఐజాక్ బషేవిస్ సింగర్‌కు 1978లో నోబెల్ వచ్చింది. అతని అక్క ఎస్తర్ క్రైట్మన్ కూడా యిడ్డిష్ రచయితే. ఆమె కథల పుస్తకం ఇంగ్లీషులోకి రావడానికి 2004 దాకా పట్టింది. యిడ్డిష్‌లో దాని పేరు ‘యిహెస్’, అంటే వంశం, పుట్టుక గొప్ప. ఇంగ్లీషులో లండన్ మీద పడ్డ బాంబుల పేరు పెట్టి ‘బ్లిట్జ్’ అన్నరు. పుట్టుకను పట్టి మనిషిని కొలిచే మాట అట్టమీదికెళ్ళి పోయింది. శ్యామల పుస్తకంలో జాంబవుని వంశం అని ఒక కథ ఉంది. అందరికన్నా ముందు పుట్టినోడు మా జాంబవుడని మాదిగలు చెప్పుకునే వంశం అది. అక్కడ వంశం పైవాని గొప్ప, ఇక్కడ కిందివాని జవాబు. ఇంగ్లీషులో రెంటికీ ‘లీనియేజ్’ అన్న మాటనే దిక్కు.

1994లో టొరంటోలో నలుగురు స్త్రీలు కలిసి యిడ్డిష్ రచయిత్రుల కథలు ‘ఫౌండ్ ట్రెజర్స్’ అని తెచ్చిన్రు. మన దిక్కు జూపాక సుభద్ర, శ్యామల కలిసి మాదిగ, మాదిగ ఉపకులాల ఆడోళ్ళ కతలను 2006లో ‘నల్లరేగటి సాల్లు’గా వేసిన్రు. ‘స్త్రీల కథలు’ అని రాయకుండ ‘ఆడోళ్ళ కతలు’ అని రాయడమే ఒక విమర్శ. స్త్రీవాదం పేరుమీద వచ్చిన చాలా సంకలనాలకు ఆ మాట నోట రాలేదు.

పోలిక ఇక్కడ ఆగుతది. నాజీలు చంపిన 60 లక్షల యూదులలో ఎక్కువమందిది యిడ్డిష్. బతికి అమెరికా, కెనడా చేరినోళ్ళ మనుమరాండ్లకు ఇంగ్లీషే ఇంటి భాష అయింది. కాబట్టి వాళ్ళకు ఇంగ్లీషు అనువాదమంటే నాయనమ్మ కథ ఇంటికి తిరిగి రావడం. మన కథకు ఇల్లు ఇక్కడనే ఉంది. కోస్గిలో, దేవరకొండలో, మక్తల్‌లో ఆ మాట మాట్లాడేటోళ్ళు బతికే ఉన్నరు. మేము మాత్రం శ్యామల కథను మొదట చదివింది ఎం.ఏ. ఇంగ్లీషు క్లాసులో, ఇంగ్లీషులో. బైండ్ల అనే మాటకు అర్థం క్లాసులో ఇంగ్లీషులో చెప్పిన్రు. జమిడిక మోత వింటూ పెరిగిన పిల్లలు ముగ్గురు నలుగురు వెనుక బెంచీలల్ల కూసున్నరు. వాళ్ళను ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు శాఖ కనీసం ఆ కథను పాఠం చేసింది. అదే చోట తెలుగు శాఖ చెయ్యలేదు. ‘భాష శిష్టంగా లేదు’ అన్న సాకు అక్కడింకా నడుస్తున్నది. అంటే ఇంగ్లీషుకన్నా ముందే మన కథను ఇంకో అనువాదం అడ్డుకుంటున్నది: వాడ మాటను బడి తెలుగులోకి మార్చితేనే సాహిత్యమనే అనువాదం.

క్రైట్మన్ కథలు తెలుగులో రావాలె. వస్తే ఇంగ్లీషు మీదుగనే వస్తయి, తప్పదు. ఆ పని పాలమూరు, నల్లగొండ విద్యార్థులు తలకెత్తుకుంటే బాగుంటది. అప్పుడు ‘మామె లోషన్’ను మాతృభాష అని రాస్తరా, అవ్వ మాట అని రాస్తరా?