ఉట్నూర్ నల్లరాయి పనితనం

ఉట్నూర్ చుట్టుపక్కల పత్తి పండే నల్లరేగడి ఒకప్పుడు గట్టి రాయి. ఆ రాయి అంతకుముందు వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో పారిన లావా. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల చీలికల్లోంచి విడతలు విడతలుగా పొంగిన ఆ లావా ఇప్పటికీ ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర దక్కన్‌ను కప్పి ఉంది. మహారాష్ట్రలో పరుచుకుని ఆదిలాబాద్ దాకా వచ్చింది, రాజమండ్రి దగ్గర కూడా దాని పొరలు దొరికాయి. దాని విస్తారం గురించి అందరూ చెబుతారు. నాకు అబ్బురమనిపించేది అది చల్లారిన తీరు.

నిలిచిన లావా ఎలా గడ్డకడుతుందో మనుషులు దగ్గరుండి చూసిన చోటు హవాయి దీవి. 1959 నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడి కిలవేయా ఇకి బిలం లావాతో నిండి, వంద మీటర్లకు మించిన లోతున్న చెరువైంది. పైపొర కాస్త గట్టిపడగానే, 1960లోనే, శాస్త్రవేత్తలు దానిమీద నిలబడి డ్రిల్లింగ్ మొదలుపెట్టారు. 1988 దాకా విడతలవారీగా నమూనాలు తీశారు. లోపలి లావా పూర్తిగా గట్టిపడేసరికి 1990ల నడిమి కాలం వచ్చింది. అంత ఆలస్యం ఎందుకంటే, లోపలి వేడి పైన గట్టిపడిన పొర గుండానే పాకి బయటపడాలి. పొర మందం రెట్టింపు కావడానికి కాలం నాలుగింతలు పడుతుంది. పగుళ్లలోకి దిగి ఆవిరయ్యే వాన నీరు మాత్రం ఆ పనిని కొంత తొందర చేస్తుంది.

ఆ ఆలస్యంలోనే స్ఫటికాలు పెరుగుతాయి. మొదట ఆకుపచ్చ ఆలివిన్. వేడి సుమారు 1,170 డిగ్రీలకు దిగేసరికి పైరాక్సీన్, మరికాస్త తగ్గాక ప్లాజియోక్లేజ్ పలకలు, 1,100 దగ్గర ఇనుము, టైటానియం ఆక్సైడ్ గింజలు. ఒక్కో ఖనిజం తనకు కావలసిన మూలకాలు తీసుకున్నకొద్దీ మిగిలిన ద్రవం గుణం మారుతుంది. 980 డిగ్రీల దరిదాపుల్లో ద్రవమే మిగలదు. ఈ క్రమాన్ని ఏళ్ల తరబడి చదివిన రోసలిండ్ హెల్జ్, కార్ల్ థార్న్‌బర్‌తో కలిసి 1987లో ఒక పద్ధతి ప్రకటించారు. నమూనాలో చటుక్కున చల్లారి గాజైన భాగంలో మెగ్నీషియం ఎంతుందో కొలిస్తే, ఆ చోట వేడి ఎంత ఉండిందో తెలిసిపోతుంది. రాయే తన ఉష్ణోగ్రతను రాసిపెట్టుకుందన్నమాట.

దక్కన్ లావా చెరువు కాదు, ప్రవాహం. అయినా చాలాచోట్ల అది చదునైన నేలమీద నెమ్మదించి, పైపొర కింద కొత్త లావా చేరగా ఉబ్బింది. ఆ తరువాత గడ్డకట్టిన తీరు చాలావరకు చెరువుదే. నల్లరాయి తవ్విన క్వారీలోనో రోడ్డు కోతలోనో ఒక పొరను పైనుంచి కిందికి చూడండి. పైభాగంలో బుడగల గుంతలుంటాయి. పైకి లేచిన వాయువు గట్టిపడుతున్న పొర కింద చిక్కుకున్న గుర్తులవి. తరువాత నీటితో వచ్చిన జియోలైట్లు, అగేట్లు వాటిలో చాలా గుంతలను పూడ్చాయి. నడుమ బుడగల్లేని బిగువైన రాయి. అది ఆలస్యంగా చల్లారింది కాబట్టి భూతద్దం పెడితే సన్నని ప్లాజియోక్లేజ్ పుల్లలు మెరుస్తాయి.

ఆ నడిమి రాయి ఇంకా చల్లారి కుంచించుకునేటప్పుడు ఎండిన చెరువు మట్టిలా పగులుతుంది. పగుళ్లు చల్లారే ముఖానికి లంబంగా లోపలికి దిగి, ఎక్కువగా ఐదు, ఆరు ముఖాల స్తంభాలను విడదీస్తాయి. 120 డిగ్రీల కోణంలో కలిసే పగుళ్లు తక్కువ చీలికతో ఎక్కువ ఒత్తిడిని తీరుస్తాయి, ఆరు ముఖాలకు కారణం అదే. చల్లారడం ఎంత నెమ్మదైతే స్తంభం అంత లావు. ఇంత పొదుపైన పనితనం మరే రాతిలోనూ లేదని నా నమ్మకం.

పెన్‌గంగ నది అవతల, యవత్‌మాల్ జిల్లా శిబ్లా–పార్డి దగ్గర 2021లో రోడ్డు పనిలో ఇలాంటి స్తంభాలు బయటపడ్డాయి. మన వైపు ఉన్నదీ ఆ లావాయే. రోడ్లు వేసే ఇంజనీర్లకు, క్వారీలు నడిపేవారికి నా విన్నపం ఒక్కటే: స్తంభాల వరుస తేలితే కంకర కొట్టేముందు గనుల శాఖకు కబురు పెట్టండి, కాస్త భాగమైనా బడిపిల్లలు వచ్చి చూసేలా వదిలేయండి.