ఇంటిపేరు సాక్ష్యం: 'టెస్' నవలలో టర్బర్‌విల్ నామ మూలం, వ్యాప్తి – ఒక పరిశీలన

థామస్ హార్డీ రచించిన 'టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్' నవల 1891లో వెలువడింది. ఆ నవలలో కథ ఒక ఇంటిపేరు పరిశోధనతోనే మొదలవుతుంది. బండిమీద చిల్లర సరుకులు తిప్పి బతికే జాన్ డర్బీఫీల్డ్‌కు దారిలో ట్రింగమ్ అనే పాదరీ ఎదురై, అతన్ని 'సర్ జాన్' అని సంబోధిస్తాడు. అతడు నార్మన్ నైట్ల వంశమైన డర్బర్‌విల్ కుటుంబానికి సాక్షాత్తు వారసుడని చెబుతాడు. తర్వాత జరిగే అనర్థాలన్నింటికీ ఈ సమాచారమే తొలి కదలిక. అందువల్ల నవలపై వచ్చిన విమర్శలో వంశక్షయం, రక్తసంబంధమైన విధి అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. పూర్వుల దోషం వారసురాలిని వెంటాడిందన్నది ఆ పఠనం సారాంశం. అయితే ఈ పఠనం పాదరీ చేసిన పరిశోధనను పరీక్షించకుండానే అంగీకరిస్తుంది. ఇంటిపేరును సాక్ష్యంగా తీసుకొని దాని మూలాన్ని, వ్యాప్తిని, రూపభేదాలను పరిశీలిస్తే నవల మరొక విధంగా అర్థమవుతుంది.

పాదరీ పద్ధతి ఏమిటో హార్డీ స్పష్టంగానే చెప్పాడు. డర్బర్‌విల్ వంశం ఎత్తుపల్లాలను అన్వేషిస్తున్న ఆ పాదరీ ఒకనాడు జాన్ బండిమీద రాసి ఉన్న పేరును చూశాడు. ఆపై అతని తండ్రిని గురించి, తాతను గురించి విచారించాడు. అనుమానం తీరిందనుకున్నాడు. పరిశోధకులు ఆగి చూడవలసిన చోటు ఇదే. ఆ వంశానికి పాదరీ చెప్పిన చివరి ఘనత రెండవ చార్ల్స్ రాజు కాలానిది, అంటే 17వ శతాబ్దిది. జాన్ తాత ఏ లెక్కన చూసినా 18వ శతాబ్ది ఉత్తరార్ధానికి ముందువాడు కాడు. మధ్యనున్న తరాలను కలిపింది పత్రం కాదు, పేర్ల మధ్య ధ్వనిసామ్యం. దానికి తోడుగా అతడు జాన్ ముక్కును, గడ్డాన్ని చూసి వంశపోలికను నిర్ధారిస్తాడు. నామవిజ్ఞానంలో ఇంతకంటే బలహీనమైన ఆధారం ఉండదు.

మూలం

డర్బర్‌విల్ అనే రూపం హార్డీ కల్పన. దాని వెనుక ఉన్న అసలు పేరు టర్బర్‌విల్. ఫ్రాన్సులో ఊర్ ప్రాంతంలోని థూబర్‌విల్ అనే స్థలనామం నుండి ఆ పేరు వచ్చిందని ఆంగ్ల గృహనామ నిఘంటువులు చెబుతాయి. సేన్ నదికి దగ్గరగా లా ట్రినిటే, సెంటువాన్ అనే రెండు గ్రామాలు నేటికీ ఆ పేరును కలుపుకొని వ్యవహారంలో ఉన్నాయి. వేల్స్‌లోని గ్లామోర్గన్ ప్రాంతాన్ని గెలుచుకున్న పన్నెండుమంది నైట్ల ఐతిహ్యంలో పేన్ డి టర్బర్‌విల్ ఒకడు. కోయిటీ కోట అతనికి దక్కిందని ప్రతీతి. పేన్ అనే పేరుకు లాటిన్ రూపం పగానస్. హార్డీ నవలలోని మూలపురుషుడు సర్ పేగన్ డర్బర్‌విల్‌కు పేరు అక్కడిదే.

పాదరీ చెప్పే వంశచరిత్రలో దాతలున్నారు, రాజసభకు పిలుపందుకున్నవారున్నారు, నైట్లున్నారు. 1295లో ఫ్రెంచివారికి గూఢచారిగా పనిచేసినందుకు ఉరిశిక్షకు గురైన సర్ థామస్ డి టర్బర్‌విల్ వంటివారు ఆ జాబితాలో కనిపించరు. కొలంబసు పటాలు గీసినట్లు వంశావళులు గీయబడవు. తీరం ముందే నిర్ణయమై ఉంటుంది. పాదరీ జాబితాలోని 'బాటిల్ ఆబీ రోల్' కూడా ఇలాంటిదే. విజేత విలియంతో వచ్చినవారి పేర్ల పట్టికగా దానికి ప్రతిష్ఠ ఉన్నా, మూలప్రతి దొరకదు. దొరికిన నకళ్లలో పేర్లు తర్వాత చేర్చబడ్డాయని చరిత్రకారుల అభిప్రాయం. పాదరీ దాన్ని ప్రమాణంగా ఉదహరించడంలో హార్డీ వ్యంగ్యం లేకపోలేదు.

రూపభేదం

టర్బర్‌విల్ పేరు ట్రబుల్‌ఫీల్డ్, టర్బర్‌ఫీల్డ్ వంటి రూపాలను పొందింది. నవలలోని డర్బీఫీల్డ్ ఈ కోవలోనిదే. హస్తప్రతి తొలి దశల్లో నాయిక ఇంటిపేరు ట్రబుల్‌ఫీల్డ్ అని ఉండేది. దీన్నిబట్టి హార్డీ రూపభేదాన్ని ఊహించి కల్పించలేదని, వ్యవహారంలో ఉన్న మార్పు నుండే కథకు పేరు తీసుకున్నాడని తెలుస్తుంది. 'ట్రబుల్' అనే మాటకు ఇంగ్లీషులో ఉన్న 'కష్టం' అన్న అర్థం నాయిక కథకు మరీ బాహాటంగా అతుకుతుంది. దాన్ని విడిచిపెట్టడం రచనాపరంగా మంచి నిర్ణయం.

ఈ మార్పులో రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది పదవిభజన. 'డి టర్బర్‌విల్' అన్నప్పుడు 'డి' అనేది 'నుండి' అనే అర్థాన్నిచ్చే ఫ్రెంచి ఉపసర్గ. హార్డీ దాన్ని పేరు లోపలికి చేర్చి, 'ట'కారాన్ని తొలగించి డర్బర్‌విల్ అన్నాడు. అందువల్ల కులీనతను సూచించే ఉపసర్గ ఆ పేరులో కంటికి కనబడుతుంది. డర్బీఫీల్డ్‌లో అదే 'డ'కారం ఉన్నా గుర్తుపట్టలేము. రెండవది 'విల్' స్థానంలో 'ఫీల్డ్' రావడం. తెలియని పరభాషాపదాన్ని తెలిసిన మాటగా మార్చుకొనే లోకనిరుక్తి ఇది. ఎస్టేటు అనే అర్థమున్న 'విల్' పోయి పొలం అనే అర్థమున్న 'ఫీల్డ్' వచ్చింది. దీనికి డోర్సెట్ మాండలికం దోహదం చేసి ఉండవచ్చు. ఆ ప్రాంతపు పలుకుబడిలో పదాదిలోని ఫకారం వకారంగా మారుతుంది. విలియం బార్న్స్ మాండలిక కవిత్వంలో ఈ లక్షణం పుటపుటనా కనిపిస్తుంది. అక్కడి పామరజనం నోట 'ఫీల్డ్' అనే మాట 'వీల్డ్'గా పలుకుతుంది గనుక, 'విల్' అని విన్న లేఖకుడు దాన్ని 'ఫీల్డ్'గా 'దిద్ది' ఉండే అవకాశం ఉంది. అంటే పేరు చెడిపోయిందని చెప్పేవారు చూడవలసింది పేరు గలవాని నోరును మాత్రమే కాదు, రాసినవాని కలాన్ని కూడా.

నవలలో ఈ ప్రక్రియ ఒక్క కుటుంబానికే పరిమితం కాదు. పాడిశాలలో పనిచేసే రెట్టీ ప్రిడిల్ పూర్వులు పారిడెల్ వంశీయులు. బండి తోలుకునే డెబీహౌస్ కుటుంబం ఒకప్పటి డి బేయూ కుటుంబం. తన వంశాన్ని భర్త నిందించినప్పుడు టెస్ ఈ ఉదాహరణలనే చెబుతుంది. ఆ మాటలు చాలా పఠనాల్లో గడిచిపోతాయి. నిజానికి ఏంజిల్ క్లేర్ వాదానికి నవలలో ఉన్న సమాధానం అదే. తన పేరు విశేషమేమీ కాదని, ఆ లోయలో సగంమంది అటువంటివారేనని ఆమె అంటున్నది. మొదటి అధ్యాయంలో పాదరీ కూడా ఆ జిల్లా కుటీరవాసుల్లో అంతే ఘనత గల కుటుంబాలు మరికొన్ని ఉన్నాయని చెప్పాడు. జాన్ దాన్ని చెవిన పెట్టలేదు. విమర్శకులూ పెద్దగా పట్టించుకోలేదు.

వ్యాప్తి, విలుప్తి

నవల వెలువడడానికి ఒక్క సంవత్సరం ముందు, 1890లో, హెన్రీ బ్రూమ్ గప్పీ ఆంగ్ల గృహనామాల భౌగోళిక వ్యాప్తిపై గ్రంథం ప్రచురించాడు. డైరెక్టరీల్లోని రైతుల పేర్లను లెక్కించి ఏ పేరు ఏ కౌంటీలో ఎక్కువో చూపడం అతని పద్ధతి. రైతులు భూమిని అంటిపెట్టుకొని ఉంటారు కాబట్టి పేరుకు సొంత ప్రాంతం వారి ద్వారానే తెలుస్తుందని అతని వాదం. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. కూలీలు, బండివాళ్లు, పాలు పితికేవారు డైరెక్టరీకి ఎక్కరు. జాన్ డర్బీఫీల్డ్, రెట్టీ ప్రిడిల్ వంటివారు ఆ లెక్కలో లేనట్లే. అరుదైన పేరు నశించిందని తేల్చేటప్పుడు, అది నశించిందా లేక లెక్కించేవారి చూపు పడని చోటికి చేరిందా అన్న ప్రశ్న తప్పనిసరి.

టర్బర్‌విల్ విషయంలో రెండు కేంద్రాలు ప్రధానమైనవి. ఒకటి గ్లామోర్గన్. రెండవది డోర్సెట్‌లోని బియర్ రీజిస్, హార్డీ నవలలో కింగ్స్‌బియర్. అక్కడి చర్చిలో ఆ కుటుంబపు సమాధులు, వారి పేరిట ఉన్న కిటికీ నేటికీ చూడవచ్చు. 1568లో రాయబారి థామస్ రాండల్ఫ్‌కు కార్యదర్శిగా మాస్కో వెళ్లిన కవి జార్జ్ టర్బర్‌విల్ డోర్సెట్ శాఖవాడు. శామ్యూల్ పెపిస్ కళ్లకు వైద్యం చేసిన డాబెనీ టర్బర్‌విల్ సాల్స్‌బరీలో ప్రసిద్ధుడు. ఇంతటి వంశం బియర్ రీజిస్‌లో అంతరించడానికి కారణం ఏమిటి? ఏంజిల్ దృష్టిలో సమాధానం సిద్ధంగా ఉంది. జీర్ణించిన వంశాల్లో సంకల్పబలం కూడా జీర్ణిస్తుంది.

ఇదే ప్రశ్నను ఆ కాలపు గణితం వేరేగా అడిగింది. ప్రముఖ కుటుంబాల పేర్లు ఎందుకు అంతరిస్తున్నాయన్న సమస్యను ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో 'ఎడ్యుకేషనల్ టైమ్స్' పత్రికలో ప్రకటించాడు. హెన్రీ విలియం వాట్సన్ దానికి సమాధానం రాశాడు. ఆయన కూడా పాదరీయే కావడం యాదృచ్ఛికం. ఇంటిపేరు మగపిల్లల ద్వారానే సాగుతుంది గనుక, ఒక తరంలో కొందరికి మగపిల్లలు లేకపోవడం అనే కేవల యాదృచ్ఛికత వల్లనే అనేక పేర్లు తొలి తరాల్లోనే అంతరిస్తాయని ఆ గణితం చూపుతుంది. ఎంత కాలానికైనా ప్రతి పేరూ అంతరించి తీరుతుందన్న వాట్సన్ తుది నిర్ణయం సరికాదు. సగటున ఒక్కొక్కరికి ఒకరికంటే ఎక్కువమంది కుమారులుంటే పేరు నిలిచే అవకాశం ఉంది. అయినా ప్రధానాంశం మారదు. పేరు పోవడానికి వంశంలో క్షీణత ఉండనక్కరలేదు. మరోవైపు, ఇరవై తరాలు వెనక్కి వెళితే ఒక్కొక్కరి వంశవృక్షంలో 10,48,576 స్థానాలుంటాయి. వాటిలో ఇంటిపేరు పట్టుకొనేది ఒకే ఒక్క గీతను. పేరు పోయిన చోట రక్తం పోలేదు. పేరు నిలిచిన చోట నిలిచింది చాలా స్వల్పం.

టెస్ సౌందర్యం తల్లి జోన్ నుండి వచ్చిందని కథకుడు స్పష్టంగా చెబుతాడు. అది చరిత్రకు ఎక్కని, నైట్లతో సంబంధం లేని వారసత్వం. పాదరీ వంశవృక్షంలో జోన్‌కు చోటు లేదు. అయితే ఈ వాదానికి నవలలోనే ఒక ఎదురుసాక్ష్యం ఉంది. పెళ్లయిన రాత్రి బస చేసిన పాత భవనపు గోడలమీది స్త్రీల చిత్రాల్లో టెస్ పోలికలు కనిపిస్తాయి. డర్బర్‌విల్ బండి చప్పుడు ఆ రక్తం గలవారికే వినిపిస్తుందన్న ఐతిహ్యమూ ఉంది. హార్డీకి వంశపు ఆకర్షణ లేదనడం నిజం కాదు. 1888 సెప్టెంబరులో ఊల్‌కోంబ్ ప్రాంతానికి వెళ్లినప్పుడు తన సొంత హార్డీ వంశపు పతనాన్ని గురించి దినచర్యలో రాసుకున్నాడు కూడా. కానీ ఆ చిత్రాల్లోని పోలికను చూసి కలవరపడేది ఏంజిల్. పోలిక కనబడేది అప్పటికే తీర్పు చెప్పేసిన కళ్లకు. దాన్ని కథకుని నిర్ణయంగా ఎత్తిచూపడం అతివ్యాప్తి.

ఏంజిల్‌కు ప్రాచీన కుటుంబాలంటే గిట్టదు. ఇంటిపేరు ఏమిటని అడిగితే తమవాళ్లు స్థిరపడి ఎక్కువకాలం కాలేదు కాబట్టి తనకు ఇంటిపేరు ఉన్నట్లు వినలేదన్న కుర్రవాణ్ని చూసి ముచ్చటపడి డబ్బిచ్చిన సంగతి పాడిశాల యజమాని క్రిక్ చెబుతాడు. అదే ఏంజిల్, టెస్ వంశం తెలియగానే, ఇకపై పేరును డర్బర్‌విల్ అనే రాయమంటాడు. తనకు పాతదే నచ్చుతుందని ఆమె అంటుంది. ఇష్టం వచ్చినప్పుడు వర్ణక్రమం మార్చమని చెప్పే అధికారం, కష్టం వచ్చినప్పుడు అదే వర్ణక్రమాన్ని నేరంగా చూపే అధికారం రెండూ అతనివే.

ఉత్తరదేశపు వర్తకుడు సైమన్ స్టోక్ దక్షిణాన స్థిరపడదలచి, బ్రిటిష్ మ్యూజియంలో ఆ ప్రాంతపు విలుప్త, అర్ధవిలుప్త వంశాల గ్రంథాలు తిరగేసి ఈ పేరును ఎంచుకున్నాడు. వ్యాప్తి పటం అతనికి అంగడి జాబితా అయింది. మోసం చేసే ఉద్దేశం లేకుండా ఎవరు ఏ ఇంటిపేరైనా ధరించవచ్చునన్నది ఆంగ్ల న్యాయం. అసలు టర్బర్‌విల్ చరిత్రలోనూ ఇటువంటిది ఉంది. గ్లామోర్గన్‌లోని ఇవెన్నీ ఎస్టేటు వారసత్వంగా దక్కినప్పుడు, 1890ల తొలినాళ్లలో, కెప్టెన్ జాన్ పిక్టన్ వార్లో ఆ పేరును స్వీకరించాడు. అతని కుమార్తె ఎడిత్ పిక్టన్ టర్బర్‌విల్ తర్వాత కొన్నేళ్లు వై.డబ్ల్యు.సి.ఎ. తరఫున దక్షిణ భారతదేశంలో పనిచేసి, 1929లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యురాలైంది. వార్లోది న్యాయసమ్మతమైన స్వీకారం, స్టోక్‌ది సొంతంగా చేసుకున్న ఎంపిక. అయినా రెండింటిలోనూ పేరు నడిచింది ఆస్తి వెంట. డర్బీఫీల్డ్ కుటుంబానికి పేరు దొరికింది, ఆస్తి దొరకలేదు.

తెలుగులో 'ఇంటిపేరు' అన్న మాటలోనే ఇల్లు ఉంది. ఆంగ్లపదంలో ఆ సూచన లేదు. కానీ హార్డీ కథ చివరికి చేరేది ఆ ఇంటి దగ్గరకే. మూడు జీవితకాలాల కౌలులో చివరి ప్రాణం జాన్‌ది. అతడు చనిపోగానే కౌలు తీరింది, కుటుంబం రోడ్డున పడింది. కింగ్స్‌బియర్‌లో బస దొరకక, చర్చిగోడ పక్కన, డర్బర్‌విల్ కిటికీ కింద మంచం వేసుకుంటారు. లోపల వాళ్ల పేరు చెక్కిన సమాధులున్నాయి. ఆ ఊళ్లో వాళ్లకు వేరే గది లేదు. చివరి అధ్యాయంలో ఏంజిల్, లీజా-లూ చేయి చేయి పట్టుకొని నడిచిపోతారు. మరణించిన భార్య చెల్లెలిని పెళ్లాడడం ఇంగ్లండులో 1907 వరకూ చట్టసమ్మతం కాదు. ఆ పేరును ముందుకు తీసుకుపోగలిగినవారు అబ్రహామూ, అతని చిన్న తమ్ముళ్లూ. వాళ్లు ఎక్కడికి చేరారో, తమ పేరును ఏ వర్ణక్రమంలో రాసుకున్నారో నవల ఆ అధ్యాయంలో చెప్పదు.